టూ నైట్స్‌లో నల్లపావుల గెలుపు: ఎస్ట్రిన్ - బెర్లినర్ కరస్పాండెన్స్ ఆట (1965-68)

నల్లబంటు (#1)

టూ నైట్స్ డిఫెన్స్ అనే చదరంగం ఓపెనింగ్‌లో నల్లవాడు ఒక బంటు వదులుకుంటాడు కదా, బదులుగా అసలేమొస్తుంది అని ట్రాప్‌ల థ్రెడ్‌లో చిట్టిశకటు గారు అడిగారు. అక్కడ రాస్తే నాలుగు పేజీల కింద మునిగిపోతుందని వేరే థ్రెడ్ పెడుతున్నాను. నా జవాబు ఒకే ఒక్క ఆట.

తెలుపు యాకోవ్ ఎస్ట్రిన్, మాస్కో. నలుపు హాన్స్ బెర్లినర్, అమెరికా. అయిదో ప్రపంచ కరస్పాండెన్స్ (పోస్టులో ఎత్తులు పంపుకుంటూ ఆడే) ఛాంపియన్‌షిప్ ఫైనల్. 1965లో మొదలై 1968లో ముగిసింది. ఎస్ట్రిన్ ఈ ఓపెనింగ్ మీద పుస్తకమే రాసిన మనిషి, తర్వాత ఏడో ఛాంపియన్‌షిప్ కూడా గెలిచాడు. అంటే బెర్లినర్ వెళ్లి పులి గుహలోనే దాన్ని పలకరించాడన్నమాట.

గుర్తులు: రా = రాజు, మం = మంత్రి, ఏ = ఏనుగు (రూక్), శ = శకటు (బిషప్), గు = గుర్రం, × = చంపడం, + = చెక్, 0-0 = చిన్న క్యాస్లింగ్ (రాజు, ఏనుగు ఒకే ఎత్తులో కదలడం), 0-1 = నలుపు గెలుపు. గడుల పేర్లు మామూలే, ఎ నుంచి హెచ్ దాకా.

1. ఇ4 ఇ5 2. గు-ఎఫ్3 గు-సి6 3. శ-సి4 గు-ఎఫ్6 4. గు-జి5 డి5 5. ఇ×డి5 బి5 6. శ-ఎఫ్1 గు-డి4 7. సి3 గు×డి5 8. గు-ఇ4 మం-హెచ్4 9. గు-జి3 శ-జి4 10. ఎఫ్3 ఇ4 11. సి×డి4 శ-డి6 12. శ×బి5+ రా-డి8 13. 0-0 ఇ×ఎఫ్3 14. ఏ×ఎఫ్3 ఏ-బి8 15. శ-ఇ2 శ×ఎఫ్3 16. శ×ఎఫ్3 మం×డి4+ 17. రా-హెచ్1 శ×జి3 18. హెచ్×జి3 ఏ-బి6 19. డి3 గు-ఇ3 20. శ×ఇ3 మం×ఇ3 21. శ-జి4 హెచ్5 22. శ-హెచ్3 జి5 23. గు-డి2 జి4 24. గు-సి4 మం×జి3 25. గు×బి6 జి×హెచ్3 26. మం-ఎఫ్3 హెచ్×జి2+ 27. మం×జి2 మం×జి2+ 28. రా×జి2 సి×బి6 29. ఏ-ఎఫ్1 రా-ఇ7 30. ఏ-ఇ1+ రా-డి6 31. ఏ-ఎఫ్1 ఏ-సి8 32. ఏ×ఎఫ్7 ఏ-సి7 33. ఏ-ఎఫ్2 రా-ఇ5 34. ఎ4 రా-డి4 35. ఎ5 రా×డి3 36. ఏ-ఎఫ్3+ రా-సి2 37. బి4 బి5 38. ఎ6 ఏ-సి4 39. ఏ-ఎఫ్7 ఏ×బి4 40. ఏ-బి7 ఏ-జి4+ 41. రా-ఎఫ్3 బి4 42. ఏ×ఎ7 బి3 0-1

ముందు బోర్డు మీద పావులు పెట్టి ఆడి చూడండి. ఫోన్లో వేలితో తోసేస్తే పదో ఎత్తు దగ్గర ఏం జరిగిందో తెలియదు.

చిట్టిశకటు (#2)

థాంక్స్ అండీ, నా ప్రశ్నకి ఇంత పెద్ద జవాబు వస్తుందనుకోలేదు. మొదట్లోనే ఒక డౌట్. ఆరో ఎత్తులో శకటు మళ్లీ ఎఫ్1కి, అంటే పుట్టింటికి వెళ్లిపోయింది. బి5లో బంటు ఊరికే ఉంది కదా, అక్కడే కొట్టేయొచ్చుగా? ఓపెనింగ్‌లో ఒకే పావును రెండుసార్లు కదపకూడదని మా కోచ్ రోజూ చెవినిల్లు కట్టుకుని చెప్తారు.

నల్లబంటు (#3)

శకటు బి5లో కొడితే నల్లమంత్రి డి5లో బంటుని కొడుతుంది. అక్కడి నుంచి ఒకేసారి రెండు మీద కన్ను: ఇటు బి5లో శకటు, అటు జి2లో బంటు. రెండూ ఒకే ఎత్తులో కాపాడుకోవడం కష్టం. అదే శకటు ఎఫ్1కి పోతే జి2కి కాపలా దొరుకుతుంది. నల్లమంత్రి డి5కి వచ్చినా సి3కి గుర్రం దూకి తరుముతుంది. చూడ్డానికి పిరికి ఎత్తు, కానీ మంచిది. కోచ్ గారి మాట సరైనదే, ఈ ఓపెనింగ్ మాత్రం ఆ మాట వినదు. లెక్కపెట్టండి: మొదటి తొమ్మిది ఎత్తుల్లో తెల్ల గుర్రం ఒక్కటే నాలుగు ఎత్తులు తినేసింది. ఎఫ్3, జి5, ఇ4, జి3. ఎ1 ఏనుగు, బి1 గుర్రం, సి1 శకటు చాలాసేపటివరకు కదలనే లేదు.

మీ మొదటి ప్రశ్నకి జవాబు ఇదే. బంటుకి బదులు వచ్చేది టైం.

ఓరుగల్లు_ఏనుగు (#4)

కొంచెం వెనక కథ. నాలుగో ఎత్తులో గుర్రం జి5కి దూకడాన్ని పాతకాలపు జర్మన్ మేటి ఆటగాడు టార్రాష్ పనిరాని ఎత్తని వెక్కిరించాడు. అయినా నూరేళ్లు దాటాక కూడా జనం దాన్ని ఆడుతూనే ఉన్నరు, ఎందుకంటే బంటు నిజంగానే దొరుకుతది. నల్లవైపు అయిదో ఎత్తులో ఎక్కువమంది వేసేది గు-ఎ5. ఎఫ్6 గుర్రంతో డి5లో కొట్టేస్తే తెలుపు ఎఫ్7లో గుర్రాన్ని బలిచ్చి రాజుని బయటికి లాగుతది, అది ఫ్రైడ్ లివర్. యూట్యూబ్ పుణ్యమా అని ఇప్పుడు మూడో తరగతి పిల్లగాడికి కూడా తెలుసు.

బి5 వేస్తే ఉల్వెస్టాడ్ వేరియేషన్, గు-డి4 వేస్తే ఫ్రిట్జ్ వేరియేషన్. ఈ ఆటలో లాగా రెండూ కలిసిపోయి ఒకే పొజిషన్‌కి చేరతయి. ఫ్రిట్జ్ అంటే కంప్యూటర్ ప్రోగ్రామ్ పేరనుకోకండి. అలెగ్జాండర్ ఫ్రిట్జ్ అనే జర్మన్ ఆటగాడు ఈ ఐడియాని ఆస్ట్రియా ఆటగాడు ష్లెక్టర్‌కి చెప్తే, ఆయన 1904లో దీని మీద రాసిండు. అంటే ఎస్ట్రిన్‌కి ఇది కొత్తేం కాదు. కొత్తది పదకొండో ఎత్తు.

లెక్కలబాబు (#5)

నా అభిప్రాయం సూటిగా చెప్తాను, కోపం తెచ్చుకోవద్దు. ఈ ఆటను ఎంత పొగిడినా చివరికి ఇది హోం ప్రిపరేషన్. ఒకాయన ఇంట్లో కూర్చుని ఎత్తు కనిపెట్టాడు, రెండో ఆయన అందులో పడ్డాడు. ఎనిమిదో ఎత్తులోనే దారి తప్పించుకోవచ్చు: 8. సి×డి4 మం×జి5 9. శ×బి5+ రా-డి8. గుర్రానికి గుర్రం పోయింది, తెలుపుకి ఒక బంటు ఎక్కువ, నల్లరాజు డి8లో ఇరుక్కుంది. ఇంజన్ (చదరంగం ఆడే కంప్యూటర్ ప్రోగ్రామ్) పెట్టి చూడండి, నల్లవైపు ఆడాలని ఎవరికీ అనిపించదు. ఆ కాలంలో ఇంజన్లు లేవు కాబట్టి పోయింది.

నల్లబంటు (#6)

లెక్కలబాబు గారూ, నల్లరాజు డి8లో ఇరుక్కోవడం ఈ ఆటలోనూ జరిగింది కదా. ఎవరు గెలిచారు మరి?

లెక్కలబాబు (#7)

అందుకే అంటున్నా, ఎస్ట్రిన్ 8. గు-ఇ4 వేశాడు కాబట్టి. రాజు డి8లో ఉండటం ఎక్కడైనా తప్పే. ఈ ఒక్క చోట తెలుపు దాన్ని శిక్షించలేకపోయింది.

పెనుగొండ మాస్టారు (#8)

నాయనలారా, ఇంజన్లు లేవు కాబట్టి పోయింది అన్నమాటకి ఒక్క సవరణ. కరస్పాండెన్స్ ఆటలో పుస్తకాలు చూడొచ్చు, బోర్డు మీద పావులు కదిపి చూసుకోవచ్చు, రాసుకోవచ్చు. అన్నీ అనుమతే. అప్పటి మామూలు లెక్క పది ఎత్తులకు ముప్పై రోజులు, కార్డు దారిలో ఉన్న రోజులు అందులోకి రావు. కాబట్టి ఎస్ట్రిన్ టెన్షన్‌లో గడియారం చూసుకుంటూ తప్పు చేశాడనుకోవద్దు. తనకు బాగా తెలిసిన పొజిషన్‌ని తీరిగ్గా చూసుకుంటూనే ఓడిపోయాడు. నాకు ఈ ఆటలో నచ్చేది అదే.

నేను కూడా ఉద్యోగంలో ఉన్న రోజుల్లో పదిహేను పైసల కార్డు మీద ఆడినవాణ్ణే. ప్రపంచ ఛాంపియన్‌షిప్ కాదు లెండి, రాజమండ్రిలో ఉన్న ఒక బ్యాంకు ఉద్యోగితో. విజయవాడ విశాలాంధ్రలో చౌకగా దొరికే రష్యన్ పుస్తకాలు ఇద్దరి దగ్గరా ఉండేవి. కాబట్టి మొదటి పది ఎత్తులు ఇద్దరికీ తెలుసు, పోస్టల్ శాఖకి ఆదాయం తప్ప వేరే ప్రయోజనం లేదు. అందుకని షరతు ఎత్తులు రాసుకునేవాళ్లం: "మీరు ఇది వేస్తే నాది అది." ఒకే కార్డులో మూడు నాలుగు ఎత్తులు నడిచిపోయేవి. అంతర్జాతీయ ఆటల్లో కూడా ఆ పద్ధతి ఉంది.

చిట్టిశకటు (#9)

మాస్టారూ, మాస్కో నుంచి వచ్చిన కార్డులో రష్యన్‌లో రాసి ఉంటే అమెరికా వాళ్లకి ఎలా అర్థమయ్యేది? గుర్రాన్ని వాళ్లు ఏ అక్షరంతో రాస్తారో మనకి తెలియదు కదా.

పెనుగొండ మాస్టారు (#10)

మంచి ప్రశ్న అమ్మాయీ. అంకెలతో. ఎ నుంచి హెచ్ వరకు వరసలకి 1 నుంచి 8 వరకు అంకెలు. గడి అంటే రెండు అంకెలు, ఎత్తు అంటే నాలుగు: ఎక్కడి నుంచి, ఎక్కడికి. ఇ2 నుంచి ఇ4 అంటే 5254. ఏ పావు అని చెప్పక్కర్లేదు, చంపిందా లేదా అని కూడా చెప్పక్కర్లేదు. క్యాస్లింగ్‌కి రాజు కదలిక మాత్రం రాస్తే చాలు, తెల్లవైపు చిన్న క్యాస్లింగ్ 5171. అక్షరాలు లేవు కాబట్టి భాష గొడవే లేదు.

ఈ ఆటలో ఎస్ట్రిన్‌కి అందిన పదకొండో ఎత్తు 6846. ఎఫ్8 నుంచి డి6కి శకటు. చూస్తే ఫోన్ నంబరు ముక్కలా ఉంటుంది. ఆయన బోర్డు మీద దాన్ని పెట్టి చూసుకున్న ఆ పూట ఎలా గడిచిందో!

ఓరుగల్లు_ఏనుగు (#11)

పదో ఎత్తు నుంచి నెమ్మదిగా చూద్దాం, ఎందుకంటే అసలు సంగతంతా అక్కడే ఉంది.

తొమ్మిదో ఎత్తులో నల్ల శకటు జి4కి వచ్చి తెల్లమంత్రి మీదికి చూస్తుంది. తెలుపు ఎఫ్3 వేసి ఆ దారి మూసింది. ఇప్పుడు లెక్క చూడండి. డి4లో నల్ల గుర్రాన్ని సి3 బంటు చంపొచ్చు. జి4లో నల్ల శకటుని ఎఫ్3 బంటు చంపొచ్చు. రెండు పావులూ ప్రాణం మీద ఉన్నయి. మామూలోడు ఒకదాన్ని కాపాడి రెండోది వదిలేస్తడు. బెర్లినర్ రెండింటినీ వదిలేసి బంటుని ఇ4కి తోసిండు. తెలుపు గుర్రాన్ని చంపింది. అప్పుడు కూడా నలుపు ఏమీ తిరిగి చంపలేదు. శకటు డి6కి వచ్చింది, అంతే.

ఎందుకు? జి3లో తెల్ల గుర్రం కదలలేదు, హెచ్4 మంత్రికి ఇ1 రాజుకి మధ్యలో పడి ఉంది. దాన్ని ఇప్పుడు రెండో పావు కూడా కొట్టబోతుంది. తెలుపు ఆశపడి జి4లో శకటుని కూడా మింగితే నలుపు జి3లో చెక్ పెట్టి కొడుతుంది, హెచ్ బంటుతో తిరిగి కొడితే హెచ్1లో ఏనుగు పోతుంది. రాజు నడిబోర్డు మీద దిక్కులేకుండా నిలబడుతుంది.

ఎస్ట్రిన్ సరిగ్గానే ఆలోచించిండు: బి5లో చెక్ పెట్టి ఎఫ్1 ఖాళీ చేసుకుని క్యాస్లింగ్ చేసిండు. నల్లరాజు డి8కి. ఎఫ్8కి పోతే హెచ్8 ఏనుగు మూలన పడి చచ్చేది. డి8లో రాజు ఉంటే రెండు ఏనుగులకీ దారి తెరిచి ఉంది, ఒకటి బి వరుసలో, ఒకటి ఇ వరుసలో. లెక్కలబాబు అన్నా, అది ఇరుక్కోవడం కాదే.

లెక్కలబాబు (#12)

సరే, ఒప్పుకోను కానీ వాదించను. ఇంకో ప్రశ్న. పద్నాలుగో ఎత్తులో ఏనుగుతో ఎఫ్3లో కొట్టడం ఎందుకు? 14. మం-బి3 వేస్తే? డి5లో గుర్రం మీద దాడి, బి5లో శకటుకి కాపలా, రెండు పనులు ఒకే ఎత్తులో. నలుపు ఎఫ్×జి2 అంటే ఏనుగు ఎఫ్2కి వెళ్తుంది, అక్కడి నుంచి ఎఫ్7 మీద కన్ను. ఎస్ట్రిన్ దీన్ని ఎందుకు వేయలేదో నాకు అర్థం కావట్లేదు.

నల్లబంటు (#13)

14. మం-బి3 భయపెట్టే ఎత్తే, కాదనను. కానీ ఆట జరిగినట్టు చూస్తే బెర్లినర్ పద్నాలుగో ఎత్తు ఎంత అందంగా ఉందో గమనించారా? ఎఫ్3లో ఏనుగుని వెంటనే చంపొచ్చు, కానీ తెల్లమంత్రి తిరిగి కొడుతూ ఎఫ్3కి వచ్చేస్తుంది, మంచి గడి. అందుకని ముందు ఏ-బి8, బి5 శకటు మీద దాడి. శకటు ఇ2కి వెనక్కి వచ్చింది. ఇప్పుడు చంపితే మంత్రి తిరిగి కొట్టలేదు, దారిలో తన శకటే అడ్డం. పదిహేనో ఎత్తులో ఎస్ట్రిన్‌కి ఇంతకంటే మంచి దారులు ఉన్నాయని తర్వాత విశ్లేషకులు చాలామంది రాశారు, అది వేరే విషయం.

ఇప్పుడు పద్దెనిమిదో ఎత్తు తర్వాత పావులు లెక్కపెట్టండి. తెలుపుకి మంత్రి, ఒక ఏనుగు, రెండు శకట్లు, ఒక గుర్రం. నలుపుకి మంత్రి, రెండు ఏనుగులు, ఒక గుర్రం. బంట్లు చెరో అయిదు. కాగితం మీద తెలుపే ముందుంది, ఏనుగుకి బదులు రెండు పావులు. కానీ ఎ1 ఏనుగు, బి1 గుర్రం, సి1 శకటు పుట్టిన గడుల్లోనే ఉన్నాయి. ఆ మూడూ పెళ్లి అయిపోయాక మండపానికి చేరే చుట్టాల్లా వచ్చాయి.

అప్పుడు 18... ఏ-బి6. చప్పుడు లేని ఎత్తు. హెచ్6కి వచ్చి చెక్ పెడతానంటోంది. తెల్లరాజు హెచ్1లో ఉంది, జి1కి పోదామంటే డి4లో నల్లమంత్రి కాపలా. తెలుపు డి3 వేసి శకటుకి దారి ఇస్తే, నల్ల గుర్రం ఇ3లో దూకి మంత్రి మీద పడింది. చంపక తప్పదు. నల్లమంత్రి ఇ3కి వచ్చింది. ఇక్కడికి తెలుపు నిద్రపోతున్న శకటుని ఇచ్చి నల్లవాడి మంచి గుర్రాన్ని వదిలించుకున్నట్టయింది, అయినా ఊపిరాడట్లేదు.

కోనసీమ_గుర్రం (#14)

అబ్బాయిలూ, అందరూ మొదటి ఇరవై ఎత్తుల దగ్గరే కాపురం పెట్టారేంటండీ! ఈ ఆటని బెర్లినర్ ఓపెనింగ్‌లో గెలవలేదు. ఏనుగుల ఎండ్‌గేమ్‌లో గెలిచాడు. ఆ భాగం గురించి ఒక్కరూ మాట్లాడట్లేదు.

21. శ-జి4 నుంచి చూడండి. శకటు హెచ్3కి అడ్డం వెళ్లడానికి సిద్ధంగా నిలబడింది. నలుపు హెచ్5, జి5, జి4 అని బంట్లతోనే తరిమింది. ఈలోగా తెలుపు నిద్రపోతున్న గుర్రాన్ని లేపి డి2, సి4 అని తెచ్చి మంత్రికి, ఏనుగుకి ఒకేసారి పోటు పెట్టింది. మామూలుగా అయితే నల్లవాడు ఇక్కడ జుట్టు పీక్కుంటాడు. బెర్లినర్ ఏనుగుని వదిలేసి జి3లో బంటుని కొట్టాడు. గుర్రం బి6లో ఏనుగుని చంపింది, నల్లబంటు హెచ్3లో శకటుని చంపింది, ఇప్పుడు జి2లో చెక్‌మేట్ బెదిరింపు. ఎస్ట్రిన్ మంత్రిని ఎఫ్3కి తెచ్చి మంత్రుల్ని మార్చుకున్నాడు.

అన్నీ చచ్చాక మిగిలింది: చెరో ఏనుగు, తెలుపుకి మూడు బంట్లు, నలుపుకి నాలుగు. బంటు ఎక్కువ ఉందని ఏనుగుల ఎండ్‌గేమ్ గెలిచిపోయినట్టు కాదు. సగం ఆటలు డ్రానే అవుతాయి, మా క్లబ్బులో అయితే ముప్పాతిక.

ఇక్కడ మూడు ఎత్తులు చూడండి.

28వ ఎత్తులో గుర్రాన్ని సి బంటుతో చంపాడు. పుస్తకం అలవాటు ఉన్నవాడు ఎ బంటుతో చంపుతాడు, బంట్లు మధ్యకి రావాలి కదా అని. సి బంటుతో చంపడం వల్ల సి వరుస తెరుచుకుంది. ఏనుగుకి అక్కడే పని ఉంది.

30వ ఎత్తులో చెక్ వచ్చినప్పుడు రాజు ఎఫ్7 బంటుని కాపాడటానికి వెనక్కి పోలేదు. డి6కి, ముందుకి.

31వ ఎత్తు ఏ-సి8. ఎఫ్7 బంటుని కావాలని ఇచ్చేశాడు! ఉన్న ఒక్క బంటు ఆధిక్యాన్నీ తిరిగిచ్చేసి, ఏనుగుని, రాజుని పనిలో పెట్టాడు. కాగితం మీద బంట్లు సమానం. బోర్డు మీద తెలుపు అప్పటికే ఓడిపోయింది. బంటు పట్టుకుని కూర్చునేవాళ్లకి ఈ ఎత్తు తట్టదు.

చదరంగం రచయిత ఆండ్రూ సోల్టిస్ ఇరవయ్యో శతాబ్దపు మేటి వంద ఆటలు ఏరినప్పుడు దీన్ని మొదటి స్థానంలో పెట్టాడు. ఒక్క ఓపెనింగ్ ఎత్తు కోసం అయితే అంత మర్యాద దక్కదు.

చిట్టిశకటు (#15)

నాన్నగారితో బోర్డు మీద పెట్టి చూశాం. నాన్న అడుగుతున్నారు: 32లో నలుపు ఏనుగుని సి7కి తెచ్చి ఎదురు పెట్టింది కదా, తెలుపు ఏనుగులు మార్చేసుకుంటే? మూడు బంట్లకి మూడు బంట్లు, రాజులే మిగులుతాయి. డ్రా కాదా?

కోనసీమ_గుర్రం (#16)

నాన్నగారికి నమస్కారాలు చెప్పండి, సరైన చోట అడిగారు. మార్చుకుంటే నల్లరాజు సి7లో, తెల్లరాజు జి2లో ఉంటాయి. నలుపుకి హెచ్ వరుసలో ఎదురులేని బంటు ఒకటి. తెల్లరాజు దాని వెంట పరిగెత్తాలి. జి3, హెచ్4, హెచ్5, పట్టుకుంటుంది, సందేహం లేదు. ఈలోగా నల్లరాజు డి6, డి5, డి4, తర్వాత డి3లో బంటు మాయం. అప్పుడు తెల్లరాజు హెచ్5 నుంచి తిరిగి వస్తుండగా నల్లరాజు ఎ, బి బంట్ల మీద పడుతుంది. ఒకటి రెండు అడుగుల తేడా, కానీ ఆ తేడా నల్లవైపే. ఎస్ట్రిన్ ఇది చూసే ఏనుగుని ఎఫ్2కి తీసుకుపోయాడు. అయినా నల్లరాజు ఆగలేదు: ఇ5, డి4, డి3, సి2. చివర్లో రాజు తెల్లవాళ్ల రెండో వరుసలో కూర్చుని ఉంటుంది, అదీ ఎనిమిదో వరుసలో డి8 నుంచి బయలుదేరిన రాజు!

40వ ఎత్తు కూడా చూపించండి ఆయనకి. ఏనుగు జి4లో చెక్. రాజు ఎఫ్3కి వచ్చినా దాన్ని చంపలేదు, హెచ్5 బంటు కాపలా ఉంది. 41... బి4 తోసినప్పుడు తెల్ల ఏనుగు దాన్ని కొట్టలేదు, జి4 ఏనుగు అడ్డంగా చూస్తోంది. హెచ్5లో ఆ మూల బంటు ఇరవయ్యొకటో ఎత్తులో శకటుని తరమడానికి వచ్చింది. ఇరవై ఎత్తుల తర్వాత ఇంకో పని చేసింది.

లెక్కలబాబు (#17)

కోనసీమ గారు బాగా రాశారు. అయినా నా మాట మీద నేనుంటా. ఈ ఎండ్‌గేమ్ ఆకాశం నుంచి ఊడిపడలేదు, పదకొండో ఎత్తు నుంచి పుట్టింది. తెలుపు పావులు మూడు కదలకుండా ఉండబట్టే ఇరవయ్యో ఎత్తుకి ఊపిరాడలేదు, ఊపిరాడకే మంత్రులు మార్చుకున్నాడు.

కోనసీమ_గుర్రం (#18)

ఓపెనింగ్ బాగా ఆడి ఎండ్‌గేమ్‌లో డ్రా చేసుకున్నవాళ్లతో ఈ ఫోరమ్ నిండిపోయి ఉంది బాబూ. పాత థ్రెడ్లు తిరగెయ్యండి.

సంచాలకుడు (#19)

మర్యాద తప్పకండి. పేర్లు పెట్టి పాత థ్రెడ్లు తవ్వొద్దు. ఆట గురించి మాట్లాడండి.

పెనుగొండ మాస్టారు (#20)

ఇద్దరూ ఒకే మాట రెండు వైపుల నుంచి చెప్తున్నారు, పోనివ్వండి. ఫలితం గురించి ఎవరూ రాయలేదు కనుక నేను రాస్తాను. ఫైనల్లో పదిహేడు మంది. ఒక్కొక్కరికి పదహారు ఆటలు. బెర్లినర్ పన్నెండు గెలిచాడు, నాలుగు డ్రా, ఒక్కటీ ఓడలేదు. 16కి 14. రెండో స్థానం వాళ్లకంటే మూడు పాయింట్లు ఎక్కువ. ఆ స్థాయి ఫైనల్లో మూడు పాయింట్ల తేడా అంటే మామూలు విషయం కాదు. ఆయనకంటే ముందు నలుగురు ఛాంపియన్లు: ఆస్ట్రేలియా నుంచి పర్డీ, సోవియట్ నుంచి రగోజిన్, బెల్జియం నుంచి ఓకెల్లీ, మళ్లీ సోవియట్ నుంచి జగొరోవ్‌స్కీ. అమెరికాకి బెర్లినరే మొదటివాడు.

ఆయన పుట్టింది బెర్లిన్‌లో, 1929లో. నాజీల నుంచి తప్పించుకుని కుటుంబం 1937లో అమెరికా వెళ్లి వాషింగ్టన్‌లో స్థిరపడింది. 1952లో హెల్సింకీ చదరంగం ఒలింపియాడ్‌లో అమెరికా జట్టులో ఆడాడు.

లెక్కలబాబు (#21)

మాస్టారు సగం కథ చెప్పారు, మిగతా సగం నా వాటా. అదే బెర్లినర్ తర్వాత కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్‌లోకి వెళ్లాడు. 1979లో ఆయన రాసిన బ్యాక్‌గామన్ (పాచికల ఆట) ప్రోగ్రామ్ మాంటె కార్లోలో అప్పటి ప్రపంచ ఛాంపియన్ లుయిజీ విల్లా మీద గెలిచింది. ఆ తర్వాత ఆయన బృందం తయారుచేసిన హైటెక్ అనే చదరంగం మెషిన్ 1988లో గ్రాండ్‌మాస్టర్ ఆర్నాల్డ్ డెంకర్ మీద మ్యాచ్ గెలిచింది. 2017లో పోయాడు.

అంటే ఇంజన్ తిట్టేవాళ్లు ఎవరిని పొగుడుతున్నారో చూసుకోండి.

ఓరుగల్లు_ఏనుగు (#22)

ఇంజన్‌ని ఎవరూ తిట్టలేదన్నా, నువ్వే మొదలుపెట్టినవ్. కానీ ఒక మాట. ఇప్పుడు కరస్పాండెన్స్‌లో ఇంజన్ వాడటం అధికారికంగానే అనుమతి. పోస్టు పోయి సర్వర్ వచ్చింది. పై స్థాయిలో ఇద్దరి దగ్గరా అదే ఇంజన్, అదే సమాధానం, ఆటలు చాలావరకు డ్రా. 2022లో 32వ ఛాంపియన్‌షిప్ గెలిచిన అమెరికన్ జాన్ ఎడ్వర్డ్స్ లాంటోళ్లు ఇంకా ఓపికగా తవ్వి గెలుస్తున్నరు, అది గొప్పే. కానీ నల్లవాడు పదో ఎత్తులో రెండు పావులు వదిలేసి గెలిచే ఆట ఇప్పుడు కరస్పాండెన్స్‌లో చూస్తామా? పదకొండో ఎత్తుకే ఎదుటోడి మెషిన్ విరుగుడు చెప్పేస్తది.

చిట్టిశకటు (#23)

వచ్చే నెలలో మా జిల్లా అండర్-15 ఉంది. ఈ వేరియేషన్ ఆడొచ్చా? చాలా నచ్చేసింది నాకు.

ఓరుగల్లు_ఏనుగు (#24)

అమ్మా, స్లో గేమ్‌లో వద్దు. నువ్వు పదకొండో ఎత్తు దాకా గుర్తుపెట్టుకుని వస్తవ్, ఎదుటి పిల్ల ఎనిమిదో ఎత్తులోనే సి×డి4 కొట్టేస్తది, ఆ తర్వాత రాజు డి8లో పెట్టుకుని ఒంటరిగా ఆలోచించాలి. గు-ఎ5 నేర్చుకో, అక్కడ కూడా బంటుకి బదులు టైం వస్తది, రాజు మాత్రం భద్రం. ఇంట్లో నిమిషాల్లో ముగిసే బ్లిట్జ్‌లో మాత్రం ఇది ఎంతైనా ఆడుకో.

కోనసీమ_గుర్రం (#25)

నేనైతే ఆడమంటాను. పదిహేనేళ్లలోపు కూడా రాజుని నడిబోర్డు మీదికి తీసుకెళ్లకపోతే ఇంకెప్పుడు? పాయింటు పోతే పోయింది. కానీ ఒక షరతు, 28వ ఎత్తు నుంచి ఆఖరి దాకా నాన్నగారితో పదిసార్లు ఆడి చూడాలి, రెండు వైపుల నుంచీ.

చిట్టిశకటు (#26)

నాన్న ఎనిమిదో ఎత్తు సి×డి4 వేసి నన్ను రెండుసార్లు ఓడించేశారు 😀 గు-ఎ5 నేర్చుకుంటున్నా. ఇది బ్లిట్జ్‌కి.

లెక్కలబాబు (#27)

నా 14. మం-బి3కి ఇంకా ఎవరూ గట్టి జవాబు చెప్పలేదు. కోనసీమ గారికి సవాలు: ఆ పొజిషన్ నుంచి ఇక్కడే ఆడదాం. మీకు నలుపు. ఇంజన్ లేకుండా, ఎత్తుకి మూడు రోజులు. బంట్లు తక్కువయ్యాక ఎండ్‌గేమ్‌లో మీ ప్రతాపం చూపించండి.

కోనసీమ_గుర్రం (#28)

ఇంజన్ లేకుండా మీరు ఆడతారని నమ్మేదెలాగండీ? సరే, ఒప్పుకున్నా. మాస్టారు రిఫరీగా ఉంటేనే.

పెనుగొండ మాస్టారు (#29)

ఉంటాను. అంకెల్లోనే రాయాలి, షరతు ఎత్తులు ఒప్పుకుంటాను, వేసిన ఎత్తు వెనక్కి తీసుకోవడం లేదు. చూసేవాళ్లు సలహాలివ్వొద్దు, ముఖ్యంగా నల్లబంటు.

నల్లబంటు (#30)

నా థ్రెడ్‌లో నన్నే నోరు మూసుకోమన్నారు. సరే మాస్టారూ. ఆటకి వేరే థ్రెడ్ తెరవమని సంచాలకుడు గారిని అడుగుతున్నా.

సంచాలకుడు (#31)

అక్కర్లేదు, ఇక్కడే ఆడండి. మొదటి పోస్టులో లింక్ పెట్టాను.

లెక్కలబాబు (#32)

14వ ఎత్తు: 4123. మీది 6372 అయితే నా 15వది 6162.

కోనసీమ_గుర్రం (#33)

6372 వేస్తున్నా, కాబట్టి మీ 6162 కూడా పడిపోయినట్టే. ఇప్పుడు నా మూడు రోజులు మొదలు. సంక్రాంతి పనులున్నాయి, మూడూ వాడుకుంటాను.